ఎవరి బిళ్ళ ఎవరి మెడలో

ఆ ఉదయం సైఫ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి మేజర్ భానుప్రసాద్ వస్తాడు. నలభై గుర్తింపు బిళ్ళలూ నలభై మొహాలూ సరిపోతే సైఫ్‌ని హెలికాప్టర్‌లో ఓ చక్కర్ తిప్పిస్తానని మాటిచ్చాడు. బోధన్ శివారు చెరుకు తోటల పక్కన సైన్యం వరద సహాయ విన్యాసాలకు దిగింది. వంటవాళ్ళకీ కూలీలకీ విచారణ చేయించి ఫొటో బిళ్ళలిచ్చే గుమాస్తా సైఫ్. వారం నుంచి అతనికి ఒకటే కల, వంటవాళ్ళందరికీ చెప్పుకున్నాడు కూడా. చెరుకు పూత మీదుగా తేలిపోతూ, తమ డాబా మీద అమ్మీ ఆరేసిన దుపట్టాను పైనుంచి చూడాలి.

కలలోంచి దిగేసరికి వంటశాలలో ఈరవ్వ. మెడలో తోటి వంటమనిషి భూమవ్వ బిళ్ళ!

"ఇదేందవ్వా? ఫొటోల భూమవ్వ ఉంది గదా!"

"భూమవ్వ బిడ్డ కాన్పుకు పోయింది. నా బిళ్ళ మా కోడలుకిచ్చిన, పప్పు కడుగుతుంది. గీ బిళ్ళ ఖాళీగుంటే నేనేసుకున్న."

అందులో దొంగతనమేమీ లేదు. వాళ్ళుండే వాడలో బీడీల పని కార్డు ఒకరి పేరున ఉంటుంది, ఆకు కత్తిరించేది ఇంకొకరు, చుట్టేది మరొకరు. పని అందితే చాలు, పేరెవరిదని ఎవరూ అడగరు. సైన్యం బిళ్ళనూ వాళ్ళు అలాగే వాడుకున్నారు. వంటశాలలో ఉన్న పన్నెండు మెడల్లో ఒక్కటీ సొంత బిళ్ళ కాదు.

బిళ్ళల అసలు మనుషుల్ని పిలుచుకొద్దామని సైఫ్ గేటు దగ్గరికి పరుగెత్తి బయటికి వచ్చాడు. అప్పుడే భూమవ్వ ఆటో దిగింది. మనవరాలు తెల్లారకముందే పుట్టేసిందట.

"రెండొందల మందికి బువ్వ వండాలె బిడ్డా, జల్ది లోపటికి పంపు!"

గేటు జవాను ఎవరినీ ఎరగడు. బిళ్ళ ఉంటే ఫొటో చూడకుండానే వదులుతాడు, లేకపోతే లేదు. సైఫ్ తన బిళ్ళ తీసి ఆమె మెడలో వేశాడు. ఆమె లోపలికి వెళ్ళింది. ఇప్పుడతను బయట మిగిలాడు.

పదింటికి కంచె పట్టుకుని చూస్తుంటే వంటశాలలో గోల. ఆడవాళ్ళు ఒకతన్ని గరిటెలతో తరుముకొచ్చి మేజర్ ముందు నిలబెట్టారు. అతని బిళ్ళ మీద ఫొటో అతనిదే, ముద్ర చక్కగా ఉంది.

"బిళ్ళ మంచిగనే ఉంది సారూ, మనిషే తెల్వదు. మా వాడల ఎవ్వల కొడుకూ గాదు!" అంది ఈరవ్వ.

మేజర్ పగలబడి నవ్వాడు. అతను కాపలాను పరీక్షించడానికి దొంగ బిళ్ళ వేసి తానే పంపిన మనిషి. మూడు గేట్లు దాటినవాడు పప్పు గిన్నె దగ్గర దొరికిపోయాడు. ఆ సంబరంలో మేజర్ బిళ్ళల లెక్కే మరిచిపోయాడు.

"సైఫ్‌ని హెలికాప్టర్ ఎక్కించండి!" అని ఆజ్ఞాపించి ఫలహారానికి వెళ్ళాడు.

జవాన్లు సైఫ్ పేరున్న బిళ్ళ కోసం వెతికారు. దొరికింది. భూమవ్వను భద్రంగా ఎక్కించారు. సైఫ్ కంచె బయట ఎంత అరిచినా రెక్కల చప్పుడులో ఎవరికీ వినపడలేదు. చెరుకు పూతంతా ఒక్కసారి వంగి లేచింది. అతనికి కళ్ళనీళ్ళొచ్చాయి.

దిగాక భూమవ్వ నేరుగా అతని దగ్గరికే వచ్చి బిళ్ళ మెడలో వేసింది.

"మీ డాబా సూసిన బిడ్డా. అమ్మ పచ్చ దుపట్టా ఆరేసింది. గింతంత కనవడ్డది, మామిడాకంత."

సైఫ్ కళ్ళు మూసుకున్నాడు. దుపట్టా కనిపించింది.

సైన్యం రికార్డుల్లో ఆ రోజు ఆకాశంలో తిరిగింది సైఫే.