ఏడు నిమిషాల పందేనికి తొంభై నాలుగు రూల్స్

కార్ట్ పందేల్లో అన్నిటికంటే అనవసరమైనది పందెమే!

తొందరపడి పేజీ తిప్పేయకండి. నేను తెలిసే చెబుతున్నాను. ఏడాది పొడవునా దగ్గరుండి చూసినదాన్ని. పందేన్ని తీసేసి రూల్స్‌నీ టైమ్‌టేబుల్‌నీ మాత్రం ఉంచితే ఈ ఆటంత ప్రశాంతమైన ఆట భూమ్మీద ఇంకొకటి లేదు.

కార్ట్ అంటే తెలియనివాళ్లకు ఒక మాట. నాలుగు బుల్లి చక్రాలు, ఒక సీటు, దాని వెనక గడ్డి కోసే మిషన్‌కి అన్నలాంటి ఇంజను. పైకప్పు లేదు, తలుపు లేదు. నేలకు జానెడు ఎత్తున కూర్చుని తోలాలి. మా ప్రాంతంలో సరదాకి తోలేవాళ్లంతా కలిసి ఒక సిరీస్ పెట్టుకున్నారు. ఏడాదికి ఐదు ఆదివారాలు. కొత్తవాళ్ల విభాగంలో పదకొండు మంది. అందులో మా అమ్మాయి ఒకతె.

మా అమ్మాయి కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. వారానికి ఆరు రోజులు జనానికి అక్షరాలు చూపించి, "ఇప్పుడు బాగుందా? ఇప్పుడు?" అని అడుగుతుంది. ఏడో రోజు హెల్మెట్ పెట్టుకుంటుంది. నేను ఆమెకు సహాయకురాలిని. బోల్టులు బిగించే పానాలు అందించడం, ఇంజనుకున్న తాడు లాగి స్టార్ట్ చేయడం నా డ్యూటీ. తాడు లాగే అవసరం మొదటి నాలుగు ఆదివారాల్లో ఒక్కసారీ రాలేదు. ఈ వయసులో నా భుజాల మీద ఇంత దయ చూపిన సంస్థను నేను వేలెత్తి చూపుతానా?

ఆ దయంతా సిరీస్ సెక్రటరీగారిది. ముప్పై ఏళ్లు ఒక పెద్ద స్కూల్లో టైమ్‌టేబుళ్లు వేసి రిటైరయ్యారు. అందరూ టైమ్‌టేబుల్ మాస్టారు అంటారు. మంచి మనిషి. ఎవరేం ఫిర్యాదు చేసినా కాదనరు. వెంటనే ఒక రూలు రాస్తారు. అలా రాసి రాసి తొంభై నాలుగయ్యాయి. పందెం మాత్రం ఏడు నిమిషాలు.

మొదటి ఆదివారం ఆ రూల్స్ చదివి వినిపించారు. యాభై రెండో రూలు దగ్గర ట్రాక్ మూసే వేళయింది. రెండో ఆదివారం, డ్రైవర్లను తూచే కాటా సరిగ్గా తూస్తోందో లేదో చూడటానికి ఇంకో కాటా తెప్పించారు. రెండూ రెండు రకాలుగా చెప్పాయి. మూడోది వచ్చేదాకా కూర్చున్నాం. మూడో ఆదివారం, ఎవరు ముందు నిలబడాలో చీటీలు వేద్దామన్నారు. చీటీ ఎవరు తీయాలన్నది తేలలేదు. నాలుగో ఆదివారం, వాన పడితే ఏ టైర్లు వాడాలన్న చర్చ. ఆ రోజు ఎండకి నా చెప్పులు తారుకి అతుక్కుపోయాయి!

లాభాలు చూడండి. ఒక్కరికి దెబ్బ తగిలిందా? ఒక్క కార్ట్ బోల్తా పడిందా? కొత్త టైరు మీద సన్నని రబ్బరు వెంట్రుకలుంటాయే, మా అమ్మాయి టైర్లకు అవి నాలుగు ఆదివారాల తర్వాత కూడా చెక్కుచెదరలేదు. ఇంత పొదుపైన ఆట ఇంకెక్కడైనా ఉందా?

కానీ మా అమ్మాయికి ఇవేవీ పట్టవు. ఐదో ఆదివారం పొద్దున, సీజన్‌లో ఆఖరి పందేనికి వెళ్తూ దారిలో అంది: "గెలవక్కర్లేదమ్మా. పక్కన ఇంకో కార్ట్ ఉండగా ఒక్క మలుపు తిరగాలి. అది ఎలా ఉంటుందో నాకు తెలియాలి. అంతే."

"తెలిసి ఏం చేస్తావే?" అన్నాను.

ఆ రోజు మాస్టారు కొత్త టైమ్‌టేబుల్ అంటించారు. పైన ఎర్ర సిరాతో 'అసలైన తుది' అని రాసి ఉంది. తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర వరకు షెడ్డులో తూకం. తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర వరకు ఆఫీసు గదిలో డ్రైవర్ల మీటింగు. పద్నాలుగో రూలు ప్రకారం మీటింగుకి రానివాళ్లు పందేనికి పనికిరారు. ముప్పై ఒకటో రూలు ప్రకారం తూకం వేయించుకోనివాళ్లు పందేనికి పనికిరారు.

పోటీదారుల్లో బేకరీ నడిపే అతను ఒకడున్నాడు. మనిషి భారీగా ఉంటాడు. అందరికంటే ముందు అతనే అడిగాడు. "మాస్టారూ, రెండు చోట్లా ఒకేసారి ఎలా ఉంటామండీ? నేను లావుగా ఉన్నానని ఇద్దరనుకున్నారా?"

మాస్టారు నొచ్చుకున్నారు. "గదులు రెండున్నాయి కదయ్యా! ఒక పీరియడ్లో ఒక గదిని ఊరికే ఖాళీగా ఉంచుతారా ఎవరైనా? ముప్పై ఏళ్లలో నేను ఏ గదినీ ఖాళీగా వదల్లేదు."

"స్కూల్లో ఆ గదికో క్లాసు, ఈ గదికో క్లాసు ఉంటుంది మాస్టారూ. ఇక్కడున్నది ఒకటే క్లాసు," అంది మా అమ్మాయి.

మాస్టారు కాగితం మీది ఎర్ర అక్షరాల్ని వేలితో చూపించారు. "అచ్చయిపోయిందమ్మా," అన్నారు.

ఇక చేసేదేముంది? ఆరుగురు మీటింగుకి పరిగెత్తారు. మా అమ్మాయితో కలిపి ఐదుగురు కాటా దగ్గర నిలబడ్డారు. తొమ్మిదిన్నరకల్లా పదకొండు మందీ పనికిరాకుండా పోయారు. పాఠకులారా, ఇంతకంటే సమానత్వం మీరెక్కడైనా చూశారా?

దానికీ ఒక రూలుంది. డెబ్బై మూడు. సీజన్‌లో ఒక్క పందెమూ జరగకపోతే ముందు పేరిచ్చినవారే విజేత. ముందు పేరిచ్చింది మా అమ్మాయి. సీజన్ కప్పు తెచ్చి చేతిలో పెట్టారు. నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. ఒక్క గజం తోలకుండా ఛాంపియన్! మా వంశంలో ఎవరికి దక్కింది ఈ ఘనత?

"ఎనభయ్యో రూలు కూడా చదివేస్తాను," అన్నారు మాస్టారు సంతోషంగా. "ఛాంపియన్లు ఇకమీదట కొత్తవాళ్ల విభాగంలో పాల్గొనరాదు. పెద్దవాళ్ల విభాగంలోకి మారాలి. అందులో చేరాలంటే ఆరు పందేలు తోలిన అనుభవం ఉండాలి."

బేకరీ అతను మా అమ్మాయి భుజం తట్టాడు. "కంగ్రాట్స్ అక్కా! మొదలుపెట్టకుండానే రిటైరైపోయావు."

మా అమ్మాయి కప్పు చంకలో పెట్టుకుంది. మాస్టారి బల్ల దగ్గరికి వెళ్లింది. "ఇది వెనక్కి తీసుకోండి మాస్టారూ."

"కప్పు వెనక్కి తీసుకోవడానికి రూలు లేదమ్మా. ఉండు, రాస్తాను."

"మీరు రాస్తూ ఉండండి," అంది. గాలికి ఎగురుతున్న ఆయన కాగితాల మీద కప్పు బరువుగా పెట్టింది. తిన్నగా వచ్చి హెల్మెట్ పెట్టుకుంది, సీట్లో కూర్చుంది, బెల్టు బిగించుకుంది.

"అమ్మా, తాడు లాగు."

నేను రూల్స్‌ని గౌరవించే మనిషిని. ఆ మాట ఎక్కడైనా చెబుతాను. కానీ నా చేతులకి అంత చదువు లేదు. లాగేశాయి.

ఇంజను ఒక్కసారి దగ్గి అందుకుంది. ఆ చప్పుడుకి బేకరీ అతను తన కార్ట్ వైపు పరిగెత్తాడు. అతని వెనక ఇంకొకరు, ఇంకొకరు. కాసేపట్లో పదకొండు మందీ ట్రాక్ మీద ఉన్నారు. రెండో మలుపు దగ్గర మా అమ్మాయీ బేకరీ అతనూ పక్కపక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా తిరిగారు. ఆమె గట్టిగా అరిచింది. భయంతో కాదు. చిన్నప్పుడు ఉయ్యాల బాగా పైకి లేస్తే అలా అరిచేది.

నా పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. చూస్తే మాస్టారు! చేతిలో పెన్ను మూత తీసే ఉంది. కంచె పట్టుకుని, కార్ట్‌లు ఎటు వెళితే అటు తల తిప్పుతున్నారు.

"ఇంత స్పీడా అండీ ఇవి?" అన్నారు.

ఐదేళ్లుగా ఈ సిరీస్ నడుపుతున్న మనిషి!

ఏడు నిమిషాలు దాటాయి. ఎనిమిది కూడా దాటాయి. "ఇంకో రెండు చుట్లు తిరగనివ్వండి. ఆ బేకరీ అబ్బాయిని మీ అమ్మాయి దాటేసేలా ఉంది," అన్నారు.

అప్పుడు నేను, ఆ పొద్దునే చేతికొచ్చిన నా బ్యాడ్జీ సర్దుకుని, నా బాధ్యత గుర్తు తెచ్చుకున్నాను. రూలంటే అందరికీ రూలే కదా!

"మాస్టారూ, బ్యాడ్జీ లేనివాళ్లు కంచె దగ్గర నిలబడకూడదు. నలభై ఆరో రూలు. పది గజాలు వెనక్కి, ఆ టైర్ల గుట్ట అవతలికి వెళ్లాలి. మీకు బ్యాడ్జీ ఉందా?"

జేబులు తడుముకున్నారు. లేదు. పాపం, రాసింది ఆయనే కాబట్టి అడుగులు లెక్కపెడుతూ వెళ్లారు. టైర్ల గుట్ట వెనక మునివేళ్ల మీద లేచి, మెడ చాపి, అటూ ఇటూ వంగి చూడసాగారు.

అక్కడినుంచి ఏమీ కనపడదు. నాకు తెలుసు. సహాయకులకి బ్యాడ్జీలు అచ్చు కాలేదని నాలుగు ఆదివారాలు నన్ను నిలబెట్టింది అక్కడే.