చీకటికి గొళ్లెం

రక్తపిశాచాల నవలలు రాసి బోలెడు పేరు తెచ్చుకున్న రచయితకు చీకటంటే భయం. పడకగదిలో చిన్న దీపం తెల్లవార్లూ వెలుగుతూ ఉండాల్సిందే. ఈ సంగతి భార్యకు తెలుసు, ఆమె కడుపులో పెట్టుకుంది. ఇంట్లోనే ఉంటున్న అత్తగారికీ తెలుసు. ఆవిడ ఏమీ అనరు, అప్పుడప్పుడూ ఆ దీపం వైపు చూసి నిట్టూరుస్తారు.

ముసురు పట్టి, తెల్లవారిందో లేదో తెలియని ఒక ఉదయం అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆ సాయంత్రం నాలుగింటికి వారపత్రిక సంపాదకుడు వస్తున్నాడు. కొత్త సీరియల్ మొదటి భాగం వినిపించాలి. "మీ పిశాచాలు మెత్తబడిపోయాయండీ. మా అమ్మ నిద్ర పట్టనప్పుడు మీ సీరియలే చదివించుకుంటోంది" అని ఆయన ఫోన్లో చెప్పేశాడు. ఈసారి భయపెట్టకపోతే ఆ పేజీలు కుండీల్లో మొక్కల పెంపకం శీర్షికకు ఇచ్చేస్తానన్నాడు. ఇన్నేళ్లుగా ఆ పేజీలే రచయితకు ఊరూ పేరూ. అవి పోతే తానెవరో తనకే తెలియదు.

సరుకు లేక కాదు. గ్రీకు పురాణాల్లో అతనికి మంచి పునాదే దొరికింది. మొట్టమొదట ఏమీ లేని శూన్యం ఉండేదట. అందులోంచి ఎరెబస్ అనే చీకటి, నిక్స్ అనే రాత్రి పుట్టారు. ఆ రాత్రికి బోలెడు సంతానం, అందులో నిద్రా మృత్యువూ కవలలు. ఆ ఇంట్లో ఎవరూ లెక్కలో వేసుకోని ఆఖరి కొడుకే మొదటి రక్తపిశాచి అని రాయాలని ఇతని పథకం. వాడికి సూర్యుడంటే పడదు, సూర్యుడి కంటే ముందు పుట్టినవాడు కాబట్టి. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ కలం ముందుకు సాగడం లేదు. 'చీకటి' అని రాయగానే లేచి వెళ్లి ఇంకో లైటు వేసి వస్తున్నాడు.

"లైటు వేసుకుని చీకటి గురించి రాస్తే ఏమవుతుంది?" అంది భార్య, జడ వేసుకుంటూ.

"వంటల పుస్తకం చదివి కడుపు నింపుకున్నట్టవుతుంది. ఇవాళ అటో ఇటో తేలిపోవాలి."

సామాన్ల గది కిటికీకి రెండు నల్ల దుప్పట్లు కలిపి మేకులు కొట్టాడు. బల్బు ఊడదీశాడు. మధ్యలో పారిపోకుండా బయట గొళ్లెం పెట్టమన్నాడు. భార్యకు కంటి ఆసుపత్రిలో డ్యూటీ ఉంది. "అమ్మకు చెప్పండి మరి" అంది. ఆ మాటలో కాస్త జాలి ఉందని అతనికి అప్పుడు తట్టలేదు.

అత్తగారు బడిపంతులమ్మగా పనిచేసి రిటైరైన మనిషి. పరీక్షల కాపలాకు ఆవిడ పెట్టింది పేరు. బెల్లు కొట్టేదాకా హాల్లోంచి చీమను కూడా బయటికి పోనిచ్చేవారు కారు. ఒకసారి పైకప్పు పెచ్చులూడి పడుతుంటే బెంచీలు పక్కకి జరిపించారు గానీ తలుపు తియ్యలేదని చెప్పుకుంటారు.

"నాలుగయ్యేదాకా తియ్యొద్దు అత్తయ్యగారూ. నేనెంత మొత్తుకున్నా సరే."

"మొత్తుకోవడం కూడా ఉంటుందా?"

"ఉండొచ్చు."

"అలాగే" అని ఆవిడ అలారం గడియారం తెచ్చుకుని గుమ్మం దగ్గర కూర్చున్నారు.

గొళ్లెం పడింది. చీకట్లో కాగితం కనపడదన్న సంగతి రచయితకు ఆ తర్వాత తట్టింది.

"అత్తయ్యగారూ, అయిపోయింది. తియ్యండి."

"నాలుగు కాలేదు."

"రాయడానికి కనపడటం లేదండీ."

"పేపరు కష్టంగా వస్తే అందరూ ఇలాంటివే చెబుతారు."

అతను బతిమాలాడు. తలుపు బాదాడు. కిటికీ దుప్పటి లాగేద్దామంటే చీకట్లో అక్కడిదాకా నడిచే ధైర్యం లేదు. చివరికి సిగ్గు విడిచి గావుకేకలు పెట్టాడు. మంచినీళ్లు కావాలేమోనని ఆవిడ అడిగితే "నీళ్లొద్దు, తలుపు తియ్యండి" అని అరిచాడు. ఆ అరుపులకు కింది వాటాలో కొట్టు పెట్టుకున్న దర్జీ మెట్లెక్కి వచ్చాడు. తలుపు అవతలి మాటలు రచయితకు స్పష్టంగా వినిపించాయి.

"ఏమైందమ్మా, ఆ కేకలేంటి?"

"మా అల్లుడుగారు. వెలుతురు తగలకూడదట."

"అయ్యో. ఏమన్నా పుచ్చుకున్నారా?"

"నీళ్లిస్తానన్నాను. నీళ్లొద్దని ఒకటే గోల."

"మొన్న మా కొట్టు ముందు ఒక కుక్క ఆయన వెంట పడిందమ్మా" అన్నాడు నెమ్మదిగా.

"పడే ఉంటుంది. చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తారు."

దర్జీ వచ్చినంత నెమ్మదిగా దిగలేదు. కింద కొట్టు షట్టరు పడిన చప్పుడు లోపలికి వినిపించింది. "నన్ను కుక్క కరవలేదు" అని రచయిత కేక వేశాడు. వినేవాళ్లకు అది ఇంకో అరుపు.

మధ్యాహ్నం దాటేసరికి గొంతు పోయింది. ఓపిక పోయి అతను తలుపుకు చేరగిలబడ్డాడు. బయట కుర్చీ లాగిన చప్పుడైంది. అత్తగారు సర్దుకుని కూర్చున్నారనుకున్నాడు. వాన పట్టు విడవలేదు. అతను అరవడం మాని మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

"అత్తయ్యగారూ, ఇక్కడ ఇంకెవరో ఉన్నారు. నేను ఊపిరి బిగబడితే వాడూ బిగబడుతున్నాడు. వాణ్ణి నేనెరుగుదును. నా చిన్నప్పుడు మా నాన్నను ఇలాంటి గదిలోనే పడుకోబెట్టారు. నిద్రపోతున్నారు, చప్పుడు చెయ్యకు అన్నారు. నేను పక్కన పడుకుని చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి చల్లగా ఉంది. వెచ్చబెడదామని గట్టిగా పట్టుకున్నాను. ఎంత పట్టుకున్నా వేడి ఇటునుంచి అటు పోవడమే గానీ అటునుంచి ఇటు రాలేదు. నిద్రకీ దానికీ తేడా ఎవరూ చెప్పలేదు నాకు. అప్పట్నుంచి దీపం ఆరితే ఎవరో వచ్చి పక్కన పడుకుంటారు. రక్తం అని మేం కథల్లో రాసుకుంటాం గానీ, వాడికి రక్తం అక్కర్లేదండీ. కాస్త వేడి కావాలి, అంతే. అది ఇచ్చేవాళ్లు దొరికేదాకా పోడు."

ఈసారి బయటినుంచి నాలుగు కాలేదని ఎవరూ అనలేదు. అతను ఏడ్చాడు.

అలారం మోగింది. గొళ్లెం తీసిన మరుక్షణం రచయిత కళ్లలో వెలుగు గుచ్చుకోవడంతో చేతికందిన పాత దుప్పటి తలమీదుగా కప్పుకుని, కళ్లు మూసుకునే వెలుగులోకి దూకాడు. దూకి, తిన్నగా వలలో పడ్డాడు. దర్జీ ఫోను చేస్తే వచ్చిన కుక్కల బండి మనుషులిద్దరూ దాన్ని విప్పి పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. వాళ్ల వెనకాల దర్జీ, చేతిలో గజం బద్దతో.

"దగ్గరికి పోకండి, కరుస్తాడు" అన్నాడు దర్జీ.

అప్పుడే గొడుగు ముడుస్తూ వచ్చిన భార్య వలలో ఉన్న మొగుణ్ణి చూసింది. "ఆయన్నేం కుక్క కరవలేదండీ. ఆయనకు చీకటంటే భయం, అంతే" అంది అందరికీ వినపడేలా. కాపురం మొదలైన నాటినుంచి దాచుకొచ్చిన గుట్టు గుమ్మంలో అలా రట్టయింది. వల పట్టుకున్నవాళ్లు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. రచయితకు మళ్లీ గదిలోకే పోవాలనిపించింది.

గుమ్మం పక్క కుర్చీలో సంపాదకుడు కూర్చుని ఉన్నాడు. ఆయన ముందే వచ్చాడు. టైం కాలేదని అత్తగారు కూర్చోబెట్టారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలోని ఫోను ఇంకా తలుపు వైపే చాపి ఉంది.

"నన్ను క్షమించండి. ఒక్క ముక్క కూడా రాయలేదు" అన్నాడు రచయిత, వలలోంచే.

"రాయక్కర్లేదు. మొత్తం రికార్డు చేశాను" అన్నాడు సంపాదకుడు. ఫోను జేబులో వేసుకుంటూ, "ఇవాళ మా అమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాలండీ" అన్నాడు. "ఆ పేజీలు మీవే. ఈ ఏడాదంతా మీవే. ఆ భయాన్ని మాత్రం పోగొట్టుకోకండి. వారం వారం ఇలాంటిదే కావాలి."

చీకటికీ రాత్రికీ పుట్టిన పిల్లల్లో పగలు కూడా ఉందని గ్రీకులు రాసుకున్నారు. రచయిత పుస్తకంలో ఆ పేజీ దాకా రాలేదు. పోబోయిన పేజీలు దక్కినందుకు నవ్వాలో, వారం వారం అన్నందుకు ఏడవాలో తెలియక అతను వల కన్నాల్లోంచి భార్య చెయ్యి పట్టుకున్నాడు. వానలో తడిసినా ఆ చెయ్యి వెచ్చగానే ఉంది.

అత్తగారు గొళ్లెం ఒకసారి వేసి, తీసి చూసి, దీనికి రెండు చుక్కలు నూనె పడాలి అన్నారు.