ఇంటివాళ్ళ ఫోటో అయితే పర్లేదు

వంతెన దగ్గర ఆ బోర్డు పెట్టించిన మహానుభావుడికి ఫోన్‌లో కూడా కెమెరా ఉంటుందన్న సంగతి తెలియదు. "ఇక్కడ కెమెరాతో ఫోటోలు తీయరాదు" అని ఎర్రరంగుతో రాయించి చేతులు దులుపుకున్నాడు. ఆ బోర్డు కిందే నిలబడి ఊరు ఊరంతా ఫోన్లెత్తి, మూతులు ముడిచి ఫోటోలు దిగుతుంది. అడిగే నాథుడు లేడు. ఎవడి మెడలోనైనా కెమెరా వేలాడిందా, వాడి పని అయిపోయినట్టే. చేతిలో ఫోన్ ఉంటే పౌరుడు, కెమెరా ఉంటే గూఢచారి.

ఈ అన్యాయానికి క్లిక్కుమామ కడుపు రగిలిపోయేది. ఫ్యాన్లకూ మోటార్లకూ తీగ చుట్టుకుని బతికే మనిషి. పెళ్ళికైనా చావుకైనా పిలవకముందే కెమెరాతో దిగిపోతాడని వీధి పెట్టిన పేరది. ఫోన్‌తో తీసుకోవచ్చుగా అంటే, అంతకన్నా గుండు గీయించుకోవడం నయమంటాడు.

పాత ఇనుప వంతెనను సోమవారం కూలగొడుతున్నారు. ఈలోపు దాన్నొక్క ఫోటో తీసి ఊళ్ళో జరిగే పోటీకి పంపాలని మామ పంతం. వెళ్ళినప్పుడల్లా కాపలావాడు ఈల బాబాయ్ తరిమేస్తున్నాడు. ఆయన ముందు ఈల ఊది తర్వాత నోరు విప్పుతాడు. ఇంట్లో అన్నం పెట్టమనడానికీ ఈలే ఊదుతాడని ప్రతీతి.

అలా తరుముతూ తరుముతూ ఓసారి ఈల బాబాయ్ నోరు జారాడు. "ఇంటివాళ్ళ ఫోటో అయితే పర్లేదు. ఉత్త వంతెనను తీయకూడదు. రూలు."

మామ బుర్రలో ఫ్యాను గిర్రున తిరిగింది.

ఇంటికొచ్చి, కుట్టుమిషన్ మీద వంగి ఉన్న భార్యతో అన్నాడు. "ఏమే, ఆదివారం నీకో ఫోటో తీస్తా."

మిషన్ ఆగింది. "ఒంట్లో బానే ఉందా?"

"పెళ్ళాం ఫోటో తీయాలంటే జ్వరం రావాలా?"

"పక్కింటి పిల్లిని తీశారు. కాలవలో బాతుని తీశారు. కాలిపోయిన మోటారు పేగులు కూడా తీశారు. ఇన్నాళ్ళకి నా వంతు వచ్చిందంటే, ఇందులో ఏదో ఉంది."

"ప్రతిదానికీ కత్తెర పెట్టకే."

కత్తెర పెట్టింది, కానీ కొత్త గుడ్డకి. ఆదివారం లోపు జాకెట్ కుట్టుకుంది, నచ్చక విప్పింది, మళ్ళీ కుట్టుకుంది. వాళ్ళ ముందుగది గోడ మీద అత్తగారున్నారు, మామగారున్నారు, బాతు ఉంది. తానొక్కతే లేదు. పక్కనున్న ఖాళీ మేకుకేసి చూసుకుంటూ ఆమె గుండీలు కుట్టింది.

వంతెన దగ్గర మామ కన్ను కెమెరాకి అతుక్కుపోయింది.

"కొంచెం పక్కకి."

జరిగింది.

"ఇంకాస్త."

"ఇంకాస్త జరిగితే ఏట్లో ఉంటాను."

"పడవులే, అక్కడ మెట్టుంది."

ఈల మోగింది. వెనకే బాబాయ్ వచ్చాడు. "ఏం తీస్తున్నావ్?"

"ఇంటివాళ్ళని," అన్నాడు మామ దర్జాగా. "నీ రూలేగా."

"ఏదీ, చూపించు."

కెమెరా వెనక బుల్లితెర మీద వంతెన కాళ్ళు బారజాపుకుని నిండుగా ఉంది. ఓ మూల ఒక చెవి.

"ఈ చెవెవరిది?"

"మా ఆవిడది."

"మిగతా మనిషేదీ?"

మామ కెమెరా వెనక్కి లాక్కోబోయాడు. ఈలోగా మిగతా మనిషి వచ్చి తెర చూసింది. తర్వాతి దాంట్లో మోచెయ్యి. ఆ తర్వాత కొంగు చివర. అన్నీ కలిపి కుట్టినా సగం మనిషి తేలదు.

"ఇవన్నీ వంతెన ఫోటోలే," అని ఈల బాబాయ్ దగ్గరుండి ఒక్కొక్కటే చెరిపించాడు. మామ ప్రాణం ఒక్కొక్క మెట్టే దిగింది.

"అన్నయ్యా," అందామె నెమ్మదిగా. ఆమె అరిస్తే మామకి భయం లేదు, నెమ్మదిస్తేనే భయం. "ఇంటివాళ్ళని తీసుకోవచ్చన్నారుగా. ఈయన నా ఇంటివాడేనా?"

"అది నువ్వే చెప్పాలమ్మా."

"నా ఖర్మ కొద్దీ అవును. కాస్త ఈయన కాలర్ పట్టుకోండి, కదిలిపోతారు."

ఈల బాబాయ్ డ్యూటీ చేసినంత శ్రద్ధగా పట్టుకున్నాడు. కెమెరా ఆమె లాక్కుంది.

"ఈల నోట్లో పెట్టుకోండన్నయ్యా. ఏమండీ, ఆ ఏడుపు మొహం అలాగే ఉంచండి."

గుడ్డ మీద గీత గీసే కన్ను ఆమెది. వంతెన కమ్మీలు నిటారుగా, బోర్డు అక్షరాలు అన్నీ, నడుమ కాలర్ దొరికిన మొగుడు. సూది దించినట్టు టక్కున నొక్కింది.

"చెరిపెయ్యవే," బతిమాలాడు మామ.

"చెరిపితే వంతెన కూడా పోతుందండీ. రేపే కూలగొడతారట. పరువు కావాలో వంతెన కావాలో చెప్పండి."

మామ జన్మలో అంత సేపు ఆలోచించలేదు.

ఆ ఫోటో పోటీకి ఆమె పేరుతోనే వెళ్ళింది. మొదటి బహుమతి కొట్టింది. ప్రదర్శన హాల్లో జనం దాని ముందు గుమిగూడి, "ఈ దొంగెవడు?" అని అడుగుతుంటే, "మా ఆయనే," అని ఆమె అందరికీ ఓపిగ్గా చెబుతోంది.

వంతెన కూలింది గానీ బోర్డు కూలలేదు. పీకి తెచ్చి ఆ హాలు గుమ్మానికే కొట్టారు. ఈల బాబాయ్‌కి కూడా అక్కడే డ్యూటీ. పోనీ, బహుమతొచ్చిన ఫోటోనైనా తీసుకుందామని మామ కెమెరా ఎత్తాడో లేదో, ఈల మోగింది.

"ఉత్త ఫోటోని తీయకూడదు."

"ఇంటివాళ్ళయితే?" అడిగిందామె.

"పర్లేదమ్మా."

ఆమె వచ్చి ఫోటోకి అడ్డంగా నిలబడి జాకెట్ సర్దుకుంది. "తీయండి. నిండుగా రావాలి. అన్నయ్యా, మీరు పక్కనుండి చూడండి."

ఈసారి నిండుగానే వచ్చింది. ఇప్పుడు ముందుగదిలో, బాతు పక్క మేకు మీద, గోడంత నవ్వుతో ఆమె ఉంది. ఆమె భుజం వెనక బహుమతి ఫోటోలో, జాగ్రత్తగా చూస్తే, మామ కూడా ఉన్నాడు.

ఒక్క చెవి వరకే.