ఒక్కరోజు చుట్టం

ఆ శనివారం పొద్దున కేసముద్రం స్టేషన్లో ప్యాసింజరు దిగిన వీరేందర్‌కు తన పథకం మీద రవ్వంత అనుమానం కూడా లేదు. పది గంటలకల్లా తండాకు చేరడం, సాయంత్రం ఆరు దాకా సొంత ఇంట్లో చుట్టంలా మసలుకోవడం, గంటగంటకూ ఇంట్లోవాళ్ల తీరు నోటుబుక్కులో రాసుకోవడం, ఆరు కొట్టగానే నిజం చెప్పేసి అందరితో కలిసి నవ్వుకోవడం. ఇంత తేలిగ్గా ఇరవై అయిదు మార్కులు రాలే పరీక్ష అతనికి ఇన్నేళ్ల చదువులో ఇంకొకటి తగల్లేదు.

అతను యూనివర్సిటీలో చదివేది సోషియాలజీ, సైకాలజీ కలిపిన కోర్సు. అదేం చదువని తండాలో అడిగినవాళ్లకు చెప్పలేక రెండేళ్లుగా తంటాలు పడుతున్నాడు. సర్వేలు చేసే కొలువా అంటే కాదు, పిచ్చి దవాఖాన కొలువా అంటే అదీ కాదు. ఈ సెమిస్టరులో సోషియాలజీ సారు, సైకాలజీ మేడం కూడబలుక్కుని ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఇంటి కట్టుబాట్లు మామూలు రోజుల్లో కంటికి ఆనవని, ఎవరైనా తప్పినప్పుడే బయటపడతాయని సారు సిద్ధాంతం. అలా తప్పినప్పుడు మనసుల్లో ఏం జరుగుతుందో చూడాలని మేడం ఆశ. అందుకని తరగతిలోని ముప్పై రెండు మందీ ఒక్కరోజు తమ ఇళ్లలో చుట్టాల్లా ప్రవర్తించి, ఒక గడిలో ‘సమాజం’, ఇంకో గడిలో ‘మనసు’ రాసుకుని రావాలి. మధ్యలో నిజం చెబితే సున్నా. సున్నా వస్తే సెమిస్టరు పోతుంది, సెమిస్టరుతో పాటు హాస్టల్ సీటూ పోతుంది.

వీరేందర్ చెప్పిన పని చెప్పినట్టు చేసే రకం. అతని కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

వాకిట్లో అతని తల్లి సీతాబాయి పత్తిలోని చెత్త ఏరుతోంది. ఆ ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ. తెలుగు మార్కెట్ యార్డుకు, బస్సు కండక్టరుకు, ఆఫీసులకు. పుట్టి ఇరవై ఏళ్లయినా కొడుకు ఆమెతో తెలుగులో పలికి ఎరగడు. అలాంటిది ఆ కొడుకు ఆపిల్ పండ్ల కవరు పట్టుకుని, చెప్పులు బయటే విడిచి, “లోపలికి రావచ్చా అండీ?” అని పుస్తకాల తెలుగులో అడిగాడు. సీతాబాయి నవ్వింది. వీరేందర్ కుర్చీ అంచున కూర్చుని రాసుకున్నాడు: “10.15. తల్లి: నవ్వు.”

తర్వాత ఆమె నవ్వలేదు. మంచినీళ్లిస్తే థాంక్స్ అన్నాడు. బాత్‌రూముకు వెళ్లడానికి అనుమతి అడిగాడు. ఎప్పుడూ నాలుగు జొన్న రొట్టెలు తిని అయిదో దానికోసం పోట్లాడేవాడు, ఒక్క రొట్టె తిని కంచం కడిగి బోర్లించి, మీకు శ్రమ ఇచ్చానని చెప్పుకున్నాడు. సీతాబాయి చేతిలోని పత్తి చేతిలోనే ఉండిపోయింది.

ఆమె ఉత్త పుణ్యానికి భయపడే మనిషి కాదు. పోయినేడు మూడిళ్ల అవతల రెడ్యా కొడుకు ప్రేమ్‌చంద్ పట్నం కాలేజీ నుంచి ఇలాగే వచ్చాడు. రోజంతా అందరితో మెత్తగా మాట్లాడాడు, తక్కువ తిన్నాడు, తన కంచం తనే కడుక్కున్నాడు. చదువుకుంటే మర్యాద వచ్చిందని తండా అంతా మెచ్చుకుంది. తెల్లవారేసరికి ఆ పిల్లాడు ప్రాణం తీసుకున్నాడు. అప్పటి నుంచి తండాలో కొడుకు కసురుకుంటేనే తల్లికి ధైర్యం. ఆ పాడె మోసినవాళ్లలో వీరేందర్ కూడా ఉన్నాడు. ఉండి కూడా, మార్కుల ధ్యాసలో పడి ఆ సంగతి తలపుకు తెచ్చుకోలేదు. చదువుకున్న వాళ్ల మతిమరుపు ఇలాగే ఉంటుంది.

సీతాబాయి పెరట్లోకి వెళ్లి జనగామలో నర్సుగా చేస్తున్న కూతురు కవితకు ఫోన్ చేసింది. ఒక్క నిమిషం కూడా వాణ్ని ఒంటరిగా వదలొద్దని, పురుగుల మందు, తాళ్లు, కత్తులు ఇంట్లో లేకుండా చేయమని, తను వెంటనే బస్సెక్కుతున్నానని కవిత చెప్పింది. అర్ధగంటలో పత్తిమందు డబ్బాలు మాయమయ్యాయి. బట్టలారేసే తాడు పోయింది, కూరగాయల కత్తి పోయింది, కత్తితో పాటు ఆ పూట కూర కూడా పోయింది. బాత్‌రూము గొళ్లెం ఎవరో ఊడబీకారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు తమ ఇళ్లలోవి కూడా దాచేశారు. వీరేందర్ రాసుకున్నాడు: “సమాజం: వస్తువులు స్థానం మారుతున్నాయి. కారణం తెలియదు.”

మధ్యాహ్నం తల్లి పక్కన కూర్చుని, ఏమైందో చెప్పమని బతిమాలింది. చుట్టం అన్నవాడు పోయేముందు ఏమంటాడో అదే అన్నాడు మనవాడు. “మీరు నా కోసం ఎంతో కష్టపడ్డారండీ. మీ మేలు మరచిపోలేను.” సీతాబాయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చెప్పేద్దామనుకున్నాడు. గడియారం చూశాడు, ఇంకా అయిదు గంటల ఇరవై నిమిషాలుంది. సున్నా గుర్తొచ్చింది. తల వంచుకుని రాసుకున్నాడు.

తండ్రి మంగ్యా కేసముద్రం యార్డులో పత్తి ట్రాక్టరుతో వరసలో నిలబడి ఉన్నాడు. రెండు గంటలు నిలబడి సంపాదించిన వరసను, ట్రాక్టరునూ అక్కడే వదిలేసి ఎవరి బండి మీదో పడి వచ్చాడు. వచ్చి గడప దగ్గర కూర్చుండిపోయాడు. ఇక భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేసే మేనమామ బాల్‌సింగ్ దాకా వెళ్లేసరికి వార్త బాగా ఎదిగింది. ఆయన మూడు రోజులు సెలవు పెట్టి, దారిలో పాడె మీద కప్పడానికని కొత్త తెల్ల తువ్వాలు కొనుక్కుని మరీ వచ్చాడు. తీరా వాకిట్లో మేనల్లుడు నిక్షేపంగా కుర్చీలో ఉండటం చూసి, ఆ తువ్వాలుతోనే ముఖం తుడుచుకున్నాడు.

నాలుగున్నరకల్లా, బస్సు దిగి వచ్చిన కవితతో కలిపి, వాకిట్లో నలభై మంది ఉన్నారు. అంతమంది కళ్లు తన మీద ఉంటే చుట్టంలా కూర్చోవడం ఎంత కష్టమో వీరేందర్‌కు అప్పుడు తెలిసింది. అప్పుడు రెడ్యా వచ్చాడు. కొడుకు పోయినప్పటి నుంచి ఒకరి గడప తొక్కని మనిషి. వచ్చి కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాడు.

“నా కొడుకు గిట్లనే నీళ్లడుక్కొని తాగిండు బిడ్డా. మర్యాద నేర్సిండని మురిసిపోయిన. ఏమైందిరా అని ఒక్క మాట అడగకపోతి. నిన్ను అడుగుతున్న. ఏమైందో నాకు చెప్పు.”

ఇరవై అయిదు మార్కులు అక్కడితో పోయాయి. వీరేందర్ కుర్చీ దిగి నేల మీద పడ్డాడు. పొద్దుటి నుంచి మొదటిసారి అతని నోట తన లంబాడీ భాష వచ్చింది.

“నాకేం కాలే కాకా. గిది కాలేజోళ్లు ఇచ్చిన పరీక్ష. అంతే.”

ఒక్కరూ నమ్మలేదు. నాకేం కాలేదని ప్రేమ్‌చంద్ కూడా అన్నాడు. ఈ చదువు వద్దు, ఇక ఇంటి దగ్గరే ఉండమని తండ్రి తేల్చేశాడు. దారిలేక వీరేందర్ నోటుబుక్కు తీసి మామ చేతిలో పెట్టాడు. బాల్‌సింగ్ అందరికీ వినిపించేలా చదివాడు. నవ్వు, అయోమయం, వస్తువుల స్థానం. వింటుంటే జనానికి ఊపిరి తిరిగింది. వెనకెవరో కిసుక్కున నవ్వారు. మంగ్యా లేచి, తన ట్రాక్టరు ఏమైందోనని ఫోన్ వెతుక్కున్నాడు. బాల్‌సింగ్ అదే ఊపులో తర్వాతి వరస కూడా చదివేశాడు. “12.40. తల్లి ఏడ్చింది. స్పందన బలంగా ఉంది. ప్రయోగం సఫలమయ్యేలా ఉంది.”

నవ్వు ఆగిపోయింది. సీతాబాయి కొడుకు వంక చూసింది.

“నేను ఏడుస్తుంటె సూసుకుంట రాసుకున్నవా?”

వీరేందర్ తల్లి కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, ఆ మాట ఆ వాకిట్లో మనసులో అనుకోవడానికి కూడా భయమేసింది. ఆమె కాళ్లు లాక్కోలేదు, తల నిమరనూ లేదు.

రెడ్యాకు మాత్రం కోపం రాలేదు. నోటుబుక్కు అందుకుని, చదువు రాకపోయినా పేజీలన్నీ మెల్లగా తిప్పి చూశాడు.

“బిడ్డా, నీ లెక్క నటించెటోడు ఎవడో, నా కొడుకు లెక్క పోయెటోడు ఎవడో, కన్నోళ్లకు ఎట్ల ఎర్కైతది? గీ సదువుల గది ఉంటదా?”

వీరేందర్ రెండేళ్లుగా రెండు సబ్జెక్టులూ కలిపి చదువుతున్నాడు. “నాకు తెల్వదు కాకా” అన్నాడు.

“మరి గది సదువు” అని చెప్పి రెడ్యా లేచి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాట పట్టుకునే మంగ్యా కొడుకును సోమవారం మళ్లీ రైలెక్కించాడు.

వీరేందర్ ఏదీ దాచకుండా తొమ్మిది పేజీలు రాసిచ్చాడు. తెల్ల తువ్వాలు, నిజం ముందే చెప్పేయడం, తల్లి అడిగిన మాట, రెడ్యా అడిగిన ప్రశ్న అన్నీ రాశాడు. మిగతా ముప్పై ఒక్క మంది అసలు హాస్టలే దాటలేదని అతనికి తర్వాత తెలిసింది. ఒకడు మంచం మీద పడుకుని కల్పించి రాస్తే, మిగతావాళ్లు పేర్లూ ఊళ్లూ మార్చి దింపుకున్నారు. ఆ ముప్పై ఒక్క ఇళ్లలోనూ తల్లి ఆశ్చర్యపోయింది, తండ్రి విసుక్కున్నాడు, సాయంత్రానికి అందరూ హాయిగా నవ్వుకున్నారు. వాళ్లెవరికీ ఇరవైకి తగ్గలేదు.

వీరేందర్‌కు సున్నా రావలసిన చోట తొమ్మిది పేజీల పుణ్యమా అని ఆరు వచ్చాయి. కింద ఎర్ర సిరాతో సారు, మేడం ఇద్దరూ సంతకం చేసిన సూచన ఉంది: “ముప్పై ఒక్క ఇళ్ల ఫలితంతో మీ ఇంటి ఫలితం పొసగడం లేదు, ఇంటికి వెళ్లి మళ్లీ చేసి రావలెను.”