తెల్ల రుమాళ్ల తీర్పు

తోర్రెవియెంతో ఫుట్‌బాల్ క్లబ్ సభ్యులకూ అభిమానులకూ తెలియజేయడమేమనగా, మన ఊరి ముద్దుబిడ్డ, మాజీ ఆటగాడు బాల్బినో ఎస్కుదేరో గారు సెప్టెంబరులో మన జట్టు శిక్షకుడిగా బాధ్యతలు స్వీకరించి, డిసెంబరులో వాటి నుంచి విముక్తులయ్యారు. రెండు సందర్భాల్లోనూ ఊరంతా హర్షించింది. మధ్యలో ఏం జరిగిందో చెప్పమని క్లబ్బువారు నన్ను కోరలేదు. చెప్పకుండా ఉండటం మాత్రం నా వల్ల కాదు. చౌకులో బట్టల దుకాణం నాది. మాట ఆపుకునే అలవాటు మా వృత్తిలో లేదు.

బాల్బినో ఆటగాడిగా సామాన్యుడు కాడు. మా జట్టులో వెనక వరసలో నిలబడి, వచ్చిన బంతినల్లా ద్రాక్షతోటల్లోకి తన్నేవాడు. బంతి వెతుక్కునేలోగా ఆట అయిపోయేది. మేం గెలిచేవాళ్లం. ఈ నైపుణ్యం మాద్రిద్ దాకా పాకింది. అక్కడో పెద్ద జట్టు అతణ్ణి తీసుకుని నాలుగేళ్లపాటు బెంచీ మీద కూర్చోబెట్టింది. ఎండనకా వాననకా కూర్చున్నాడు. ఒక్కసారి కూడా లేవమనలేదు. మా ఊరివాళ్లం టీవీలో బెంచీ కనబడినప్పుడల్లా చప్పట్లు కొట్టేవాళ్లం.

అందుకే శిక్షకుడి పదవి ఖాళీ అయినప్పుడు క్లబ్బు అధ్యక్షులు దోన్ ఇలారియో క్షణం ఆలోచించలేదు. ఆయనది వంకాయ ఊరగాయల ఫ్యాక్టరీ. మా జట్టు చొక్కాలు వంకాయ రంగులో ఉండటానికి అదే కారణం. ఆయన లేచి కోటు గుండీ పెట్టుకున్నారు. దోన్ ఇలారియో కోటు గుండీ పెట్టుకున్నారంటే ఉపన్యాసం వస్తోందని అర్థం.

"శిక్షకుడి పనేమిటి? బెంచీ మీద కూర్చోవడం. మన లా మాంచా ప్రాంతం మొత్తంలో ఆ పనిలో ఇంత అనుభవం ఉన్న మనిషిని చూపించండి, నేను రాజీనామా చేస్తాను," అన్నారు. ఎవరూ చూపించలేకపోయారు.

మా స్పెయిన్ దేశంలో శిక్షకుణ్ణి మిస్టర్ అంటాం. మిస్టర్ ఆయుష్షును తుర్రోన్‌తో కొలుస్తాం. తుర్రోన్ అంటే క్రిస్మస్‌కి తినే బాదంపప్పు, తేనెల అచ్చు. "ఈయన తుర్రోన్ తింటాడంటావా?" అని అడిగితే, పండగదాకా ఉద్యోగం నిలుస్తుందా అని. మా ఊళ్లో ఇంతవరకూ ఏ మిస్టరూ తిన్న పాపాన పోలేదు. బాల్బినో మాత్రం ఆ ఒక్క ముక్క కోసమే వచ్చాడు. సముద్రం ఒడ్డున ఏదో జట్టులో సహాయకుడి పని మానుకున్నాడు. భార్య రెమెదియోస్ చేత జుట్టు కత్తిరించే దుకాణం మూయించాడు. సొంత ఊళ్లో, తల్లి పక్కన కూర్చుని, మన జట్టు మిస్టర్‌గా పండగ చేసుకోవాలని అతని కోరిక. అతని తల్లి కసిల్దా పెద్దమ్మ అక్టోబరులోనే మంచి తుర్రోన్ ఒకటి కొని అల్మరా పైన దాచింది.

ఊరు అతనికి అన్ని విధాలా సహకరించింది. మా ఊళ్లో ప్రతి మగవాడూ శిక్షకుడే. ఆడవాళ్లు ఇంకా మంచి శిక్షకులు. బాల్బినో కాఫీ తాగడానికి నికాసియో బారులోకి వస్తే చాలు, పాఠం మొదలయ్యేది.

"ఏం మిస్టరూ, ఎడమ పక్క ఆ కుర్రాణ్ణి ఎందుకు ఆడిస్తున్నావ్? గేటుకి పాతిన గుంజలా కదలడు," అనేవాడు నికాసియో.

"వాడు నీ మేనల్లుడే కదయ్యా."

"అందుకే చెప్తున్నా. వాడి సంగతి నాకు తెలీదూ?"

బాల్బినో అందరి మాటా తల ఊపుతూ వినేవాడు, వెళ్లి తనకి తోచింది చేసేవాడు. జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఇది చాలామందికి బాధ కలిగించింది. గెలిచే జట్టుకి సలహా ఇవ్వడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఇక రుమాళ్ల సంగతి చెప్పాలి. మైదానంలో జనం తెల్ల రుమాళ్లు ఊపారంటే, ఇతగాడు మాకొద్దు, పంపించెయ్యండి అని. ఎద్దుల పోటీలో, అంటే బరిలో మనిషి ఎద్దుతో తలపడే ఆటలో, అవే రుమాళ్లు ఊపారంటే, శభాష్, ఇతనికి బహుమానం ఇవ్వండి అని. గుడ్డ ఒకటే, ఊపే చెయ్యీ ఒకటే. ఆగస్టు పోటీల్లో రుమాళ్లు చూసి బహుమానం ఇచ్చేదీ, మిగతా ఏడాది రుమాళ్లు చూసి పీకేసేదీ కూడా దోన్ ఇలారియోనే. ఇన్నేళ్లలో ఆయన ఎన్నడూ తికమకపడలేదు.

పండగ ముందు ఆఖరి ఆట వచ్చింది. ఇది గడిస్తే బాల్బినో తుర్రోన్ తిన్నట్టే. జిల్లా టీవీవాళ్లు వస్తున్నారు, ఖాళీ కుర్చీలు కనబడితే పరువు పోతుంది. అందుకని దోన్ ఇలారియో ఎద్దుల పోటీల అభిమాన సంఘంలోని వృద్ధులందరికీ ఉచితంగా టిక్కెట్లు పంచారు. వాళ్లు జన్మలో ఫుట్‌బాల్ చూసినవాళ్లు కాదు. కసిల్దా పెద్దమ్మ వాళ్ల మధ్యే కూర్చుంది. ఆవిడ భర్త బతికున్నన్నాళ్లూ బరిలోకి ఎద్దుల్ని వదిలే తలుపు తీసే ఉద్యోగం చేశాడు, ఆ సంఘమంతా ఆవిడకి బంధువర్గం లాంటిది. మధ్యాహ్నం దోన్ ఇలారియో, "బాల్బినో మీద నాకు పరిపూర్ణ విశ్వాసం ఉంది" అని ప్రకటించారు. అధ్యక్షులు అలా అన్నారంటే మిస్టర్ పని అయిపోయినట్టే గనక, అది రేడియోలో విని రెమెదియోస్ ప్రయాణం పెట్టెలు కిందికి దించిందట. తెలివైన ఇల్లాలు.

మేం నాలుగు గోల్స్ కొట్టాం. అవతలివాళ్లు ఒక్కటీ కొట్టలేదు. నాలుగోది నికాసియో మేనల్లుడు కొట్టాడు.

అప్పుడు కసిల్దా పెద్దమ్మ చేతిలో తెల్ల రుమాలు కనబడింది. పక్కనున్న వృద్ధులు అది చూశారు. ఓహో, రుమాళ్ల వేళ అయిందన్నమాట అనుకుని, శభాష్ అంటూ వాళ్లూ తీసి ఊపారు. ఎదుటి వరసల్లో ఫుట్‌బాల్ తెలిసిన జనం ఆ ఊపు చూశారు. తమకి తెలియని ఘోరమేదో జరిగిందని గ్రహించి వాళ్లూ తీశారు. నిమిషంలో కారణాలు కూడా దొరికాయి. నాలుగు కొట్టినవాళ్లు అయిదు ఎందుకు కొట్టలేదు? మైదానమంతా తెల్లబడింది. నేనెందుకు ఊపానంటారా? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనిపించుకోవడం నాకిష్టం లేదు. పైగా వాటిలో సగం రుమాళ్లు నా దుకాణంలోవే.

ఆ రుమాళ్లని సరిగ్గా చదువుకున్నవాడు ఆ చోట ఒక్క బాల్బినోయే. ఎద్దుల తలుపు పక్కన పెరిగినవాడు కదా, శభాష్ అనే చదువుకున్నాడు. రెండు చేతులూ ఎత్తి, కళ్ల నీళ్లతో జనానికి దండాలు పెడుతున్నాడు. దోన్ ఇలారియో మెట్లు దిగి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. నేను కంచె ఇవతలే ఉన్నాను, అంతా విన్నాను.

"చూశావు కదా నాయనా."

"చూశాను దోన్ ఇలారియో. నేనంటే ఊరికి ఇంత ప్రేమ ఉందని అనుకోలేదు."

"గుండె దిటవు చేసుకున్నావు. మెచ్చుకుంటున్నా."

"మా నాన్న ఉండి చూడాల్సింది."

"ఆయన చూడకపోవడమే మంచిదయింది. తాళాలు రేపిద్దువులే, తొందరేం లేదు."

"ఏ తాళాలండీ?" అన్నాడు బాల్బినో, నవ్వుతూనే.

దోన్ ఇలారియో కోటు గుండీ పెట్టుకున్నారు. టీవీవాళ్లు దగ్గరికి వచ్చారు. "ఈ చేతులతో నేను వంకాయలు ఊరబెట్టాను, ఈ కళ్లతో ప్రజల మనసు చదివాను. నాలుగు గోల్స్ అంటే వట్టి అంకెలు. రుమాలు అంటే హృదయం. ప్రజల తీర్పు నాకు శిరోధార్యం," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరికి కొట్టారో అప్పటికి ఎవరూ ఆలోచించలేదు.

ఆలోచన మర్నాడు నికాసియో బారులో వచ్చింది. మేం మెచ్చుకోడానికి ఊపాం అన్నారు వృద్ధులు. మేం మిమ్మల్ని చూసి ఊపాం అన్నారు ఫుట్‌బాల్‌వాళ్లు. మరి మీరెవర్ని చూసి ఊపారు అంటే, అందరూ కసిల్దా పెద్దమ్మ ఇంటికి నడిచారు. ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టింది.

"నేను ఊపలేదు. నాలుగో గోల్ పడేసరికి ఏడుపొచ్చింది, కళ్లు తుడుచుకున్నా. బిడ్డ గెలిస్తే తల్లి కళ్లు తుడుచుకోకూడదా? అంత పాపమని నాకెవరు చెప్పారు?" అంది.

తప్పు తెలిసింది గాని దిద్దే దారి లేకపోయింది. బాల్బినోని మళ్లీ పిలిస్తే ప్రజలు పొరబడ్డారని ఒప్పుకున్నట్టవుతుంది, ప్రజలు పొరబడరు అని దోన్ ఇలారియో విడమరిచి చెప్పారు. ప్రజలం మేమే గనక ఆ మాట మాకు నచ్చింది. ఇకమీదట మైదానంలో కళ్లూ ముక్కూ తుడుచుకోదలచినవారు వంకాయ రంగు రుమాళ్లే వాడాలని తీర్మానించారు. నేను తెప్పించాను, ఎవరూ కొనలేదు. సిగ్గుపడ్డ ఊరు మాత్రం పండగనాడు ఇంటింటి నుంచీ బాల్బినోకి తుర్రోన్ పంపింది. అతను అన్నీ తిన్నాడు. అల్మరా పైనున్నది ఒక్కటే ముట్టుకోలేదు.

"అది మిస్టర్ కోసం కొన్నదమ్మా," అన్నాడట.

జనవరిలో కొత్త మిస్టర్ వచ్చాడు, అల్బాసెతే పట్నం కుర్రాడు, పేరు ఫెర్మీన్. మొదటి ఆటలోనే జట్టు రెండు గోల్స్ ముందుంది. నా పక్కన బాల్బినో, అతని పక్కన తల్లి. చలిగాలికి బాల్బినోకి ముక్కు కారుతోంది. చెయ్యి జేబులోకి పోయింది. కసిల్దా పెద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు నాయనా. ఆ పిల్లాడికీ ఎక్కడో తల్లి ఉంటుంది."

బాల్బినో చెయ్యి వెనక్కి తీసుకుని, చొక్కా చేతికి ముక్కు తుడుచుకున్నాడు. ఎంత మంచి మనుషులు అనుకున్నాను.

కాని నా రుమాలు అప్పటికే పైకి లేచింది. అతని చెయ్యి జేబులోకి పోవడం చూశాను మరి. మా వెనక వరసవాళ్లు నన్ను చూశారు. పై మెట్ల మీద దోన్ ఇలారియో లేచి నిలబడి కోటు గుండీ పెట్టుకుంటున్నారు.