పిండిమర ఆగిన పూట

ఈ కథలో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. చెప్పేవాడు ఊరిబడిలో అయిదో తరగతితో ఆపేశాడు. అబద్ధాలు ఆరో తరగతిలో గాని మొదలు కావని విన్నాడు.

ప్రొద్దుటూరులో హబీబుల్లాకు ఆ పొద్దు ఒకే ఒక్క పని ఉంది. జమ్మలమడుగు వెళ్ళి, తాను ఆపా అని పిలిచే అక్క బిస్మిల్లా బీని చూసి రావాలి. ఆమెకు గుండెజబ్బు ముదిరిందనీ, వారం రోజులుగా మెతుకు ముట్టడం లేదనీ మేనల్లుడు ఫరూఖ్ ఫోను చేశాడు. బస్సెక్కితే గంటలోపు ప్రయాణం. కానీ బస్సులో పోవడానికి వీల్లేదు. ఎనిమిదేళ్ళ కిందట అక్క కూతురి పెళ్ళిలో, పెళ్ళికూతుర్ని ఎక్కించుకున్న ఇతని పాత పెట్రోలు కారు నడిరోడ్డు మీద ప్రాణం విడిచింది. పట్టుబట్టల పిల్ల అత్తవారింటికి శనక్కాయల ట్రాక్టరులో పోయింది. "ఆ కారు యాడా ఆగకుండా నా గడప ముందరికి వచ్చిన్నాడే నీ మొగం చూస్తా" అన్నది అక్క. అన్న మాట మీదే నిలబడింది. ఇద్దరిదీ ఒకే రక్తం కాబట్టి ఇతనూ నిలబడ్డాడు.

కువైట్‌లో ఇరవయ్యేళ్ళు షేకు కారు తోలిన తనకు ఇంజను రోగాన్ని చెవితో పట్టే విద్య ఉందని హబీబుల్లా నమ్మకం. కార్బొరేటరుకు చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. లోపలికి తిప్పితే పెట్రోలు తగ్గి ఇంజను దగ్గి దగ్గి ఆగిపోతుంది. బయటికి తిప్పితే పెట్రోలు ఎక్కువై నల్లపొగ కక్కుతుంది. రెంటి నడుమా వెంట్రుకవాసి చోటులో ఇంజను కడుపునిండిన పసిబిడ్డలా ఊపిరి తీస్తుంది. ఆ ఊపిరి వినాలంటే చుట్టూ చప్పుడుండకూడదు.

పక్కనే రామేశ్వరమ్మ పిండిమర.

"అమ్మా, ఒక గంట మర ఆపల్ల. కారు స్క్రూ తిప్పాల."

"జొన్నలు తెచ్చుకోని ఐదుమంది కూచోనుండారు కదప్పా! నీ స్క్రూ తిరగాలంటే నా మర నిలబడాల్నా?"

"మా ఆపాను చూడల్ల. మళ్ళీ దొరుకుతాదో లేదో."

రామేశ్వరమ్మ మర ఆపింది. ఎదురింటి వీరన్న గొర్రెలను దొడ్లోంచి వదల్లేదు. "ఎవురూ మాట్లాడొద్దండి, గమ్మునుండండి" అని వీధి నోరు కట్టేసి, హబీబుల్లా ఇంటి వెనక షెడ్డులో బానెట్టు ఎత్తాడు.

ఆ హడావిడిలో ఒక సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ వీధిలో పట్టపగలు మర ఆగేది ఒక్కందుకే. వీధిలో ఎవరైనా పోతే, శవం లేచేదాకా ఆపడం రామేశ్వరమ్మ మామ కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ.

టెంట్‌హౌస్ ఇక్బాల్ బైకు మీద పోతూ మర ఆగి ఉండడం గమనించాడు. "ఎవరమ్మా?" అని అడిగాడు. మాట్లాడొద్దన్నారు గనక రామేశ్వరమ్మ నోటి మీద వేలుంచుకుని, గడ్డంతో హబీబుల్లా ఇల్లు చూపింది. గడపలో హబీబుల్లా భార్య ఖమ్రున్నీసా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కన్నీళ్ళు కారుస్తోంది. స్క్రూ ఆ క్షణాన బయటికి ఎక్కువ తిరిగింది. పొగ అట్లాంటిది.

"భాయి యాడుండాడు భాభీ?"

"యాడుంటాడు! ఆపాను చూడల్ల, ఆపాను చూడల్ల అని పొద్దున్నుంచీ కొట్టుకలాడె. ఇప్పుడు చూడు..." మిగతాది దగ్గు మింగేసింది. ఆమె లోపలికి పోయి, పొగ రాకుండా తలుపు వేసుకుని పడుకుంది.

ఇక్బాల్ మంచివాడు. నష్టమంతా దానివల్లే జరిగింది. అరగంటలో షామియానా లేచింది. యాభై కుర్చీలు దిగాయి. ఏడ్చి ఏడ్చి పడుకుందని ఖమ్రున్నీసా తలుపు ఎవరూ తట్టలేదు. "మీ మామ ఇంక లేడప్పా, అమ్మకు నిమ్మళంగా చెప్పు" అని ఫరూఖ్‌కు కబురు పోయింది. మట్టి ఇచ్చేది ఎన్నింటికని పులివెందుల నుంచి ఎవరో ఫోను చేశారు. చావింట పొయ్యి వెలగదు గనక పక్కవీధి నుంచి పెద్ద డేగిసా నిండా కిచిడీ వచ్చింది. వెనకనుంచి వినిపించే ఇంజను చప్పుడును, వచ్చినవాళ్ళు శవాన్ని ఉంచే ఐసుపెట్టె జనరేటరు అనుకున్నారు. షామియానా చూశాక రామేశ్వరమ్మకే అనుమానం తగిలింది. "పొగకు పోయినాడేమో పాపం, నేను మర ఆపకుంటే బతికుండును" అని వీరన్న చెవిలో చెప్పి కళ్ళొత్తుకుంది. వీరన్న టోపీలా కట్టిన తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

కుర్చీల చప్పుడు షెడ్డులోకి వినబడింది. తన విద్య చూడడానికి జనం వచ్చారని హబీబుల్లా పొంగిపోయాడు. అంతమంది ఉండీ ఇంత నిశ్శబ్దమా అని వాళ్ళ మర్యాదకు మురిసిపోయాడు.

అంతలో ఆటో ఆగింది. ఫరూఖ్ భుజం ఆసరాతో బిస్మిల్లా బీ దిగింది. దిగుతూనే ఊపిరంతా కూడగట్టి ఏడ్చింది.

"హబీబూ! నేనుండంగా నువ్వు ముందు పోతివేంరా! కారెవురు అడిగిరిరా నిన్ను! కాలినడకన వచ్చినా తలుపు తీసుందునే!"

"ఎవురమ్మే ఆ అరిచేది!" షెడ్డులోంచి గర్జన వచ్చింది. "గమ్మునుండండి, స్క్రూ ఇప్పుడే కుదరతాంది!"

వీరన్న కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. బిస్మిల్లా బీ గోడ పట్టుకుని షెడ్డుకు నడిచింది. మసి పూసుకున్న ముఖంలోంచి రెండు కళ్ళు ఆమెను చూశాయి.

"బతికుండావా?"

"ఉండానాపా. ఇంకొక పావు చుట్టు తిప్పితే నేనే వస్తాంటి..."

ఆమె స్క్రూడ్రైవరు లాక్కుని కాలవలో పడేసింది. ఆ చేత్తోనే తమ్ముడి చెంప మీద ఒకటి కొట్టి, అదే చెంప నిమిరింది. తర్వాత షామియానా కింద కూలబడి తమ్ముడి చావు కిచిడీ నాలుగు ముద్దలు తిన్నది. ఫరూఖ్ ముద్దలు లెక్కబెడుతూ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నన్నింటికాడ దింపు" అన్నది లేస్తూ. "ఆ కారులోనే."

కారు కదల్లేదు. జనాజా మోయడానికి వచ్చిన భుజాలన్నీ దానికి ఆనాయి. మర దాటి మలుపు తిరుగుతుండగా ఇంజను అందుకుంది. జమ్మలమడుగులో ఆమె గడప దాకా మరెక్కడా ఆగలేదు.

ఆ తర్వాత నలభయ్యో రోజున బిస్మిల్లా బీ పోయింది. పొరుగూరి చావుకు ఈ మర ఆపే ఆనవాయితీ లేదు. అయినా రామేశ్వరమ్మ ఆపింది. సగం పట్టిన జొన్నలు సాయంత్రం దాకా అట్లాగే ఉండిపోయాయి.

ఒక్క ముక్క కూడా అబద్ధం లేదని మొదట అన్న మాటలో ఒక ముక్క తీసేయాలి. మలుపులో ఇంజను అందుకోలేదు. ఆటో వెనక తాడు కట్టి జమ్మలమడుగు దాకా ఈడ్చుకుపోయారు. కారు వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చున్న బిస్మిల్లా బీ, "బాగా కుదిరిచ్చినావురా, చప్పుడే లేదు" అని మెచ్చుకున్నది మాత్రం నిజం.