ప్రాక్టీసు దిండ్లు

మధ్యాహ్నం రెండింటికి పరీక్ష. వ్యాపార సాఫ్ట్‌వేర్ సర్టిఫికెట్ ఉంటేనే ఇంటర్న్‌షిప్ అని యూనివర్సిటీలో చదివే ఒక అమ్మాయికి తేల్చి చెప్పేశారు. ఇదివరకే ఒకసారి తప్పింది కాబట్టి ఆ అమ్మాయికి ఇదే ఆఖరి అవకాశం. మేనమామ పరుపుల షాపులోనూ అదే సాఫ్ట్‌వేర్ ఉంది. కాసేపు సాధన చేసుకుని, అటునుంచి అటే పరీక్షకు వెళ్దామని పొద్దున్నే అక్కడికి చేరింది.

"ప్రాక్టీసు కంపెనీ అని ఉత్తుత్తి ఖాతా వేరే ఉంటుంది, అందులో నొక్కుకో తల్లీ. అసలుదాని జోలికి మాత్రం పోకు," అని మామయ్య పన్ను పీకించుకోవడానికి బయల్దేరాడు.

ఆమె ఐదు వందల దిండ్లకు ఆర్డరు వేసింది. తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది. మనసు కాస్త కుదుటపడేలోపే షాపు ఫోను మోగింది.

"దిండ్ల ఫ్యాక్టరీ నుంచండీ. ఐదు వందలు! చాలా సంతోషం. బండి బయల్దేరుతోంది."

ఆమె గబుక్కున కంప్యూటరు వైపు తిరిగింది. తెర పైభాగాన చూస్తే, ఉన్నది అసలు కంపెనీయే.

"అయ్యో, అది ప్రాక్టీసండీ!"

"మాకూ ఇరవై ఏళ్ల ప్రాక్టీసండీ. దిండుకు వంక పెట్టలేరు," అని అవతలాయన ఫోన్ పెట్టేశాడు.

ఆర్డరు రద్దు చేద్దామని కంగారులో ఏదో నొక్కింది. "ఈ సరుకు గురించి తెలియజేయాలా?" అని అడిగింది సాఫ్ట్‌వేర్. ఫ్యాక్టరీకి తెలియాలి కదా అని "అవును" నొక్కింది. "మీ దిండ్లు సిద్ధం. వచ్చి తీసుకెళ్లగలరు" అన్న సందేశం షాపు ఖాతాదారులందరికీ వెళ్లిపోయింది.

మామయ్యకు ఫోన్ చేసింది. "మామయ్యా, పొరపాటున దిండ్లొచ్చేస్తున్నాయి! ఏం చెయ్యను?"

"అం...ఎయ్," అన్నాడాయన, నోటి నిండా దూదితో. పంపెయ్యమని ఆయన భావం.

"అమ్మెయ్యనా?"

"ఆఁ! ఆఁ!" అని కేక. సరిగ్గా అప్పుడే డాక్టరు పన్ను లాగాడని ఆమెకేం తెలుసు?

మధ్యాహ్నానికి షాపులో కాలు పెట్టడానికి చోటు లేదు. గుమ్మం దాకా దిండ్లు, గుమ్మం బయట జనం. దిండు కొనేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. "మేం అడిగింది మంచమమ్మా!" అని ఒకావిడ నిలదీస్తోంది. దవడ వాచిన మామయ్య ఆటో దిగి, షాపును చూసి, తిడదామని నోరు తెరిచాడు. నోట్లోంచి దూది ఊడిపడింది. "సారీ మామయ్యా, పరీక్ష!" అంటూ ఆమె అదే ఆటో ఎక్కేసింది.

పరీక్ష హాల్లో కంప్యూటరు ముందు కూర్చుంది. అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఏమిటంటే: పొరపాటు ఆర్డరు మీద వచ్చిపడిన సరుకును వెనక్కి ఎలా పంపాలి? ఎలా పంపకూడదో ఆమె పొద్దుటినుంచీ అన్ని విధాలా చేసి చూసింది. మిగిలిన పద్ధతి ఒక్కటే. అదే నొక్కింది, పాసైంది.

సాయంత్రం బిక్కుబిక్కుమంటూ షాపుకు వచ్చి, తలెత్తకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. ఈసారి సరుకు వాపసు ఎంట్రీ తప్పు పోలేదు. ఫ్యాక్టరీ బండి వచ్చి, మారుమాట లేకుండా దిండ్లన్నీ ఎక్కించుకుపోయింది.

మామయ్య దవడ పట్టుకుని ఆ ఎంట్రీని ఓసారి సరిచూసుకున్నాడు. తర్వాత ఆమెను వెనక గదిలోకి తీసుకెళ్లి లైటు వేశాడు. పైకప్పు దాకా పసిపిల్లల పరుపులు.

"ఇవి కూడా పంపెయ్యొచ్చా?" అన్నాడు నెమ్మదిగా.

"ఎవరు ఆర్డరిచ్చారు మామయ్యా?"

"ప్రాక్టీసు చేశాను."

మర్నాడు ఆమె సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి షాపు గోడకు తగిలించాడు. కంప్యూటరు పాస్‌వర్డ్ మాత్రం మార్చేశాడు.